ఐదో ఎపిసోడ్‌లోనే అయిపోవాల్సిన కథ

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం బీచ్ రోడ్డు వదులుకుని మన విశాఖ ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి వచ్చారు, సంతోషం. నేను ఆడిటర్‌ని. టీవీ సీరియల్ మీద ప్రసంగం చేయడానికి నీకేం అర్హత ఉందని మా ఇంట్లోనే అడిగారు. ఒక క్రైమ్ సీరియల్‌ని లెక్కల పుస్తకం తిరగేసినట్టు తిరగేస్తే ఏం కనిపిస్తుందో చెబుతాను, అంతకన్నా ఏం లేదు. సీరియల్ పేరు ‘బ్రేకింగ్ బ్యాడ్’. 2008 జనవరిలో మొదలై 2013 సెప్టెంబరులో ముగిసింది. కథ చెప్పేస్తున్నానని కోప్పడకండి, పదేళ్లు దాటిపోయింది.

చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. అమెరికాలో అల్బుకర్కీ అనే ఊళ్లో వాల్టర్ వైట్ హైస్కూల్లో కెమిస్ట్రీ పాఠాలు చెబుతుంటాడు. జీతం చాలక కార్లు కడిగేచోట కూడా పనిచేస్తాడు. ఊపిరితిత్తుల కేన్సర్ అని తేలుతుంది. తను పోతే పెళ్లాం పిల్లల గతేంటని, పాత శిష్యుడు జెస్సీని వెంటేసుకుని మెత్ అనే మత్తుమందు తయారీలోకి దిగుతాడు. ఎంత కావాలో లెక్క కూడా వేసుకుంటాడు. పిల్లల చదువులు, ఇంటి అప్పు, ఇల్లు గడవడం, అంతా కలిపి 7,37,000 డాలర్లు. ఎంత బాధ్యతగల తండ్రి అనిపిస్తుంది కదా.

అయితే ఆ లెక్కకు ముందే, మొదటి సీజన్ ఐదో ఎపిసోడ్‌లో, పాత స్నేహితుడు ఎలియట్ తన పుట్టినరోజు పార్టీలో మా కంపెనీలో చేరు, ఇన్సూరెన్సు బాగుంటుంది అంటాడు. అతని భార్య గ్రెచెన్ ఫోన్ చేసి, వైద్యం ఖర్చు మేమే పెట్టుకుంటామంటుంది. ఆ కంపెనీ మొదలుపెట్టినవాళ్లలో వాల్టర్ కూడా ఒకడు. తన వాటాని 5,000 డాలర్లకు అమ్మేసుకుని బయటికొచ్చేశాడు. ఇప్పుడది 216 కోట్ల డాలర్ల కంపెనీ. వాల్టర్ ఉద్యోగమూ వద్దన్నాడు, డబ్బూ వద్దన్నాడు. మొత్తం ఎపిసోడ్లు 62. కుటుంబం కోసమే అయితే కథ ఐదో దాంట్లో అయిపోవాలి. మిగతా 57 దేనికి? చివరి ఎపిసోడ్‌లో భార్య ముందు నిలబడి, నా కోసమే చేశాను, నాకది నచ్చింది అని ఒప్పుకుంటాడు. ఆ ఒప్పుకోలు కన్నా దానికి ముందు జరిగింది నాకు గట్టిగా తగిలింది. కొడుక్కి డబ్బు చేర్చే దారి లేక, 90 లక్షల డాలర్ల పైచిలుకు మోసుకుని ఆ ఎలియట్, గ్రెచెన్ల ఇంటికే వెళతాడు. మీరే దానం చేస్తున్నట్టు ఇవ్వండి అని బెదిరించి మరీ అప్పజెబుతాడు.

ఇక వ్యాపార ధర్మం. ఈ దొంగ వ్యాపారంలో అది లేదనుకుంటే పొరపాటే. గస్ ఫ్రింగ్‌ని చూడండి. పైకి చికెన్ హోటళ్ల యజమాని, లోపల మత్తుమందు సామ్రాజ్యం. మేనేజర్ చొక్కా వేసుకుని కౌంటర్ దగ్గర నిలబడతాడు, కస్టమర్లను పలకరిస్తాడు, పోలీసుల కార్యక్రమాలకు చందాలిస్తాడు. ఇచ్చిన మాట ప్రకారం సొమ్ము చెల్లిస్తాడు. అతని దగ్గర పనిచేసే మైక్ అయితే జైల్లో పడిన మనుషుల ఇళ్లకు నెలనెలా డబ్బు ఆగకూడదంటాడు. గస్ పోయాక కూడా తన వాటాలోంచి, వాల్టర్ వాటాలోంచి కోత పెట్టి ఆ మొత్తం పక్కన పెడతాడు. వాల్టర్‌కి ఒళ్లు మండుతుంది. తర్వాత జైళ్లలో ఉన్న ఆ మనుషుల్ని రెండు నిమిషాల వ్యవధిలో చంపించేస్తాడు. నోరు విప్పుతారన్న భయం పోయింది, బాకీ కూడా పోయింది.

నన్ను కదిలించినవాడు మాత్రం గేల్. పరవాడ ఫార్మా సిటీలో క్యూసీలో, అంటే మందుల నాణ్యత పరీక్షించేచోట, పనిచేసేవాళ్లు ఇక్కడ ఉండే ఉంటారు, మీకు బాగా అర్థమవుతుంది. గస్ కట్టించిన కొత్త ల్యాబ్‌లో ఉద్యోగం గేల్‌ది. పోటీవాడి సరుకు పరీక్షించి చెప్పమంటారు. నాది 96 శాతం స్వచ్ఛం, ఇది 99 అంటాడు. 96 చాల్లే అని గస్ అంటే, ఆ మూడు శాతం మామూలు తేడా కాదు సార్ అని తనే వాదిస్తాడు! తన ఉద్యోగానికి తనే ఎసరు పెట్టుకునే రిపోర్టు ఎవరిస్తారండీ? ఆ నిజాయితీ వల్లే వాల్టర్ ఆ ల్యాబ్‌లోకి వచ్చాడు. ఆ వాల్టరే తన ప్రాణం దక్కించుకోవడానికి జెస్సీని పంపి గేల్‌ని గుమ్మంలోనే కాల్పించాడు.

మాట నిలబెట్టుకోవడం, తూకంలో మోసం లేకపోవడం, పనివాళ్లను చూసుకోవడం, ఇవన్నీ ఉన్నాయి. కాబట్టే వీళ్లను చూసి మనం ముచ్చటపడతాం. కానీ ఈ ధర్మమంతా అమ్మేవాళ్ల మధ్యే తిరుగుతుంది. కొనేవాడి ఇల్లు రెండో సీజన్లో జెస్సీ కళ్లతో ఒక్కసారి చూపిస్తారు. ఆ ఇంటివాళ్లు దొంగిలించిన తన సరుకు వసూలు చేసుకుందామని జెస్సీ తుపాకీతో వెళతాడు. లోపల మత్తులో మునిగిన తల్లిదండ్రులు, తిండి పెట్టే దిక్కులేక మురికి ఒంటితో ఒక పసివాడు. జెస్సీ వాడితో దాగుడుమూతలాడతాడు. ఆ తర్వాత జెస్సీకి రాత్రుళ్లు నిద్ర పట్టని రోజులు చాలా వస్తాయి. 99 శాతం స్వచ్ఛతకి ఆ ఇంట్లో విలువేంటి? మనకిది దూరపు సంగతి కాదు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో పోలీసులు రెండు లక్షల కిలోల పైగా గంజాయిని కుప్పలు పోసి తగలబెట్టారు. మన ఏజెన్సీలో పండి మన రోడ్ల మీదుగా వెళ్లేదే అది.

అయినా ఇక్కడ కూర్చున్న మనలో ఎవరూ గస్ కాలేరు, వాల్టర్ కాలేరు. నాకు భయం వేసేది టెడ్ బెనెకీ అనే మూడో వరస పాత్రని చూస్తే. మన గాజువాక ఆటోనగర్‌లో ఉండేలాంటి ఫ్యాబ్రికేషన్ కంపెనీ అతనిది, తండ్రి పెట్టింది. మంచి మనిషి, పనివాళ్లందరికీ ఇష్టం. దాదాపు పది లక్షల డాలర్ల ఆదాయం పుస్తకాల్లో చూపించడు. మన భాషలో జీరో వ్యాపారం. అదేంటని అడిగితే కంపెనీ మునిగిపోతుంది, ఇంతమంది ఉద్యోగాలు పోతాయి అంటాడు. ఈ మాట మా ఆఫీసు కుర్చీలో ఎంతమంది నోట విన్నానో! పిల్లల కోసం సార్, స్టాఫ్ కోసం సార్. తన కోసం అన్నవాడు ఒక్కడూ తగల్లేదు.

అతని లెక్కలు చూసేది వాల్టర్ భార్య స్కైలర్. తప్పు కనిపెడుతుంది, నేను పట్టివ్వను కానీ ఇందులో ఉండను అంటుంది. ఉంటుంది. తర్వాత ఇన్‌కంటాక్స్ వాళ్లొస్తే, ఆ పుస్తకాల మీద తన సంతకాలు కూడా ఉన్నాయి కనుక, బిగుతు గౌను వేసుకుని, ఖాతాలంటే ఏమీ తెలియని అమాయకురాలిలా నవ్వుతూ కూర్చుంటుంది. ఈవిడకి తెలివి లేదు, మోసం కాదులే అని ఆఫీసరు నమ్మేస్తాడు. పన్ను కట్టేస్తే చాలన్నాడు. టెడ్ దగ్గర డబ్బు లేదు. స్కైలర్ భర్త మత్తుమందు సొమ్ములోంచి ఆరు లక్షల డాలర్ల పైచిలుకు తీసి, ఎవరో దూరపు బంధువు రాసిపోయిన ఆస్తి అని చెప్పించి టెడ్‌కి అందేలా చేస్తుంది. టెడ్ పన్ను కట్టలేదు. బెంజి కారు తెచ్చుకున్నాడు, కంపెనీ మళ్లీ తెరుస్తానన్నాడు. ఆఖరికి ఇద్దరు రౌడీలు ఇంటికి వెళ్లి ఎదురుగా కూర్చుని చెక్కు రాయించారు. మెత్ అమ్మిన డబ్బుతో ఒక పరువుగల కంపెనీ ప్రభుత్వానికి పన్ను కట్టే ఏర్పాటు అలా జరిగింది.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. ప్రశ్నలుంటే అడగండి, మైకు మీ దగ్గరికే వస్తుంది. ఎవరికైనా సొంత పుస్తకాల గురించి అడగాలనిపిస్తే రేపు ఆఫీసుకు రండి, మైకులో మాత్రం వద్దు.