చక్రాలు ఎక్కడ తాకాయి?

(నల్గొండలో డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నల్గొండలో కూర్చొని విమాన ప్రమాదాల గురించి మాట్లాడుకోవడం ఏంటని కొందరికి అనిపించొచ్చు. సాగర్ వైపు నుంచి వచ్చినవాళ్లు మాత్రం అలా అనరు. 2022 ఫిబ్రవరిలో పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర (సూర్యాపేట వైపు ఉన్న తుంగతుర్తి కాదు) ఒక చిన్న శిక్షణ విమానం కూలి, ట్రైనీ పైలట్ చనిపోయారు. అలాంటి చిన్న విమానాల్లో మామూలుగా బ్లాక్ బాక్స్ ఉండదు. పెద్ద విమానాల సంగతి వేరు. ఎత్తు, వేగం, ముక్కు ఎటు వంగింది, బ్రేకు ఎప్పుడు తొక్కారు, అన్నీ రికార్డవుతూనే ఉంటాయి. ఆ అంకెల్ని వరసగా చదివితే ఎవరికీ ఏమీ అర్థం కాదు. గీస్తేనే తెలుస్తుంది.

బోర్డు మీద ఒక గీత గీస్తున్నాను చూడండి. ఇది మంగళూరు రన్‌వే, పొడవు సుమారు 8,000 అడుగులు. దిగే విమానం చక్రాలు మొదటి మూడో వంతులోనే నేలను తాకాలి. అంతమేర పచ్చరంగు వేస్తున్నా. 2010 మే 22న దుబాయ్ నుంచి వచ్చిన విమానం ఎక్కడ తాకిందంటే, ఇదిగో, దాదాపు 5,200 అడుగుల దగ్గర. ఎర్ర చుక్క పెడుతున్నా. ఇక మిగిలిన రన్‌వే 2,800 అడుగులు, అది దాటితే లోయ. 158 మంది పోయారు.

దాని కిందే ఇంకో గీత. కోజికోడ్, 8,858 అడుగులు. 2020 ఆగస్టు 7, వాన, పైగా వెనక నుంచి గాలి. చుక్క 4,438 దగ్గర పడింది. 21 మంది పోయారు. రెండూ గుట్ట మీద చదును చేసి కట్టిన రన్‌వేలే. మధ్యలో పదేళ్లు గడిచాయి. రెండు గీతలూ ఒకదాని కింద ఒకటి పెట్టి చూస్తే మీకేమనిపిస్తోంది?

చుక్క ఎక్కడ పడిందో తెలిసింది, ఎందుకు పడిందో తెలియలేదు. అందుకు రెండో బొమ్మ కావాలి. అడ్డంగా దూరం, నిలువుగా ఎత్తు. మామూలుగా విమానం 3 డిగ్రీల వాలులో దిగుతుంది. మంగళూరు విమానం ఆ వాలు గీతకు చాలా పైన వచ్చింది, ఒక దశలో ఉండాల్సిన ఎత్తుకు దాదాపు రెట్టింపు. దిగొద్దు, మళ్లీ పైకి లేపుదామని కో-పైలట్ చెప్పాడు, కెప్టెన్ వినలేదు. గ్రాఫులంటే నాకు పిచ్చే గానీ, ఈ ముక్క ఏ గ్రాఫులోనూ కనబడదు. కాక్‌పిట్ మాటల రికార్డింగులోనే దొరికింది.

ఇప్పుడు అసలు సంగతికొస్తా. ఇవి రెండే ఎర్ర చుక్కలు. అదే రన్‌వేల మీద క్షేమంగా దిగిన వేల విమానాల చుక్కలు కూడా పెడితే? వాటి గురించి పేపర్లో రాదు, ఎందుకంటే ఎవరికీ ఏమీ కాలేదు. కానీ వానాకాలం రాత్రుల్లో ఆ చుక్కలు పచ్చరంగు దాటి ముందుకు జరుగుతున్నాయంటే, విమానం జారకముందే పట్టుకోవచ్చు. 27,000 కిలోలు దాటిన విమానాలు నడిపే సంస్థలు ఇలా ప్రతి ప్రయాణం డేటానూ పరిశీలించే ఏర్పాటు పెట్టుకోవాలని అంతర్జాతీయ నియమం ఉంది. ఒక షరతు: చుక్క మీద పైలట్ పేరు ఉండకూడదు. చుక్క కాస్త జరిగిన ప్రతిసారీ మెమో ఇస్తామంటే, అతను ఆ టెన్షన్‌లో రన్‌వే వదిలేసి మెమో గురించి ఆలోచిస్తాడు.

మ్యాపులతో ఇంకో చిక్కుంది. 65వ నంబర్ హైవే మీద చౌటుప్పల్ నుంచి కోదాడ దాకా యాక్సిడెంట్లన్నీ చుక్కలుగా పెట్టండి. బండ్లు ఎక్కువ తిరిగే చోటే చుక్కలూ ఎక్కువ పడతాయి. అది చూసి ఆ మలుపే ప్రమాదకరం అనేస్తే తప్పు. ఎన్ని బండ్లకు ఎన్ని యాక్సిడెంట్లు అని లెక్క కట్టాలి. విమానాశ్రయాలకూ అంతే, ఎన్ని ల్యాండింగులకు ఎన్ని అని చూడాలి. టీవీలో రంగురంగుల మ్యాపు కనబడితే కింద ఆ లెక్క ఉందో లేదో చూడండి, చాలాసార్లు ఉండదు.

మన దేశంలో విమాన ప్రమాదాలు దర్యాప్తు చేసే ఏఏఐబీ నివేదికలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మీ ల్యాబులో ఎక్సెల్ ఉంటే చాలు. కోజికోడ్ నివేదికతో మొదలుపెట్టి, చివరి నిమిషంలో ఎత్తు, వేగం, గాలి ఎలా మారాయో మూడు గీతలు ఒకే కాలరేఖ మీద గీయండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.