సెయింట్ లూయిస్ ఆర్చ్ ఎక్కే ముందు

శ్రోతలకు నమస్కారం. అమెరికాలో మిజోరి రాష్ట్రంలోని సెయింట్ లూయిస్‌కు వెళ్ళేవాళ్ళు మిసిసిపీ నది ఒడ్డున ఉన్న గేట్‌వే ఆర్చ్ అనే పెద్ద కమానును ఎలాగూ చూస్తారు. ఎత్తు 630 అడుగులు, రెండు కాళ్ళ మధ్య దూరమూ అంతే. కింద ఫొటో దిగి వచ్చేస్తే మాత్రం అసలు విశేషం చూడనట్టే. పైకెక్కాలి.

వంపు తిరిగిన కాలులో మామూలు లిఫ్టు నిట్టనిలువుగా పోలేదు. అందుకని డిక్ బౌసర్ అనే ఆయన లిఫ్టునూ జెయింట్ వీల్‌నూ కలిపి ఒక ట్రామ్‌ను రూపొందించాడు. ఒక్కో ట్రామ్‌కు 8 పెట్టెలు, పెట్టెకు 5 సీట్లు. పైకి పోయేకొద్దీ వాలు మారుతుంటే, పెట్టె కొద్దికొద్దిగా తిరుగుతూ మనల్ని నిటారుగానే ఉంచుతుంది. తిరిగినప్పుడల్లా చప్పుడు, చిన్న కుదుపు ఉంటాయి, కంగారు పడొద్దు. తలుపు ఎత్తు నాలుగడుగులే కాబట్టి బాగా వంగి లోపలికి వెళ్ళాలి. ఎక్కడానికి 4 నిమిషాలు, దిగడానికి 3.

అమ్మానాన్నలను తీసుకెళ్ళేవాళ్ళు ఇది ముందే చూసుకోవాలి. ట్రామ్ దాకా వెళ్ళిరావడానికి మొత్తం 96 మెట్లు, గంటసేపు నిలబడే ఓపిక కావాలి. పైన టాయిలెట్ లేదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, ఇరుకు గదిలో ఊపిరాడనట్టుండేవాళ్ళు కిందనే ఉన్న మ్యూజియం చూడొచ్చు, దానికి టికెట్ లేదు. ట్రామ్ టికెట్ ముందుగా కొనుక్కుని, తనిఖీ ఉంటుంది గనుక అరగంట ముందే చేరండి.

పైన కిటికీలు 7 అంగుళాల వెడల్పు, 27 అంగుళాల పొడవు. ఆ కట్టడంలోని ఒత్తిడికి అంతకన్నా పెద్దవి నిలవవు. 1965 అక్టోబరు 28న చివరి ముక్క బిగించేటప్పుడు ఎండకు దక్షిణపు కాలు వ్యాకోచించకుండా ఫైరింజన్ గొట్టాలతో నీళ్ళు కొట్టారు. పడమటి కిటికీలోంచి గుమ్మటం ఉన్న పాత కోర్టు భవనం కనిపిస్తుంది. బానిసత్వం నుంచి విముక్తి కోరుతూ డ్రెడ్ స్కాట్ దావా నడిపింది అక్కడే.

మధ్యాహ్నం మెట్రోలింక్ రైలెక్కి ఫారెస్ట్ పార్కుకు వెళ్ళండి. జూ, ఆర్ట్ మ్యూజియం రెండింటికీ ప్రవేశం ఉచితం.

తిండికి వస్తే, ఇటాలియన్ల పేట ‘ది హిల్’లో టోస్టెడ్ రావియోలి అడగండి. చతురస్రపు కజ్జికాయలా ఉంటుంది. లోపల కీమా పెట్టి, రొట్టెపొడి అద్ది, నూనెలో వేయించి, టమాటా సాస్‌తో ఇస్తారు. కీమా సాధారణంగా గొడ్డు మాంసమే. తిననివాళ్ళు చీజ్‌తో చేసింది ఉందా అని ముందే అడగాలి. ఇక్కడి పిజ్జా అప్పడమంత పలచన, చిన్న చతురస్రాలుగా కోస్తారు. దానిమీద వేసే ప్రోవెల్ చీజ్ చల్లారితే అంగిలికి అంటుకుంటుంది, వేడిమీదే తినేయాలి.

చివరికి చిప్పెవా వీధిలో టెడ్ డ్రూస్ దుకాణం. అక్కడి ఫ్రోజెన్ కస్టర్డ్, అంటే ఐస్‌క్రీమ్ లాంటిది, ఎంత గట్టిదంటే, కప్పు తలకిందులు చేసి చూపించి మరీ చేతికిస్తారు. అందులో గుడ్డు సొన ఉంటుంది, ఈ ఊరి గూయీ బటర్ కేకులోనూ గుడ్డు వేస్తారు. శుద్ధ శాకాహారులు గమనించాలి.