ప్రకటనల టార్చిలు ఎందుకు అంతగా అమ్ముడవుతాయి: ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. ఈ రోజు ఫోన్-ఇన్ టార్చ్‌లైట్ల మీద. ఏ వీడియో తెరిచినా కనిపించే బ్రాండ్లని టార్చి పిచ్చి ఉన్నవాళ్లు తిడుతూనే ఉంటారు, జనం కొంటూనే ఉంటారు. దీని గురించి మాట్లాడటానికి టార్చిలు విప్పి, కొలిచి, బాగుచేసే నిపుణులు స్టూడియోలో ఉన్నారు. మొదటి కాలర్ లైన్లో ఉన్నారు, చెప్పండి.

కాలర్: సార్, నమస్తే. ఒక టార్చి చూశాను. డబ్బా మీద 5000 లూమెన్లు అని ఉంది. తీసుకోవచ్చా?

నిపుణుడు: చేతిలో ఇమిడే సైజా?

కాలర్: అవును సార్, జేబులో పడుతుంది.

నిపుణుడు: ఎంతసేపు వెలుగుతుందని రాశారు?

కాలర్: రెండు గంటల పైన అని ఉంది.

నిపుణుడు: రెండూ నిజమే కావచ్చు. లూమెన్లు అంటే టార్చి నుంచి వచ్చే మొత్తం వెలుగు కొలత. కానీ రెండు గంటలూ 5000 రావు. ఎఫ్ఎల్1 అని 2009లో వచ్చిన అమెరికన్ ప్రమాణం ఒకటి ఉంది, పేరున్న కంపెనీలు చాలావరకు దాన్నే వాడతాయి. దాని ప్రకారం లైటు వేసిన 30 సెకన్ల నుంచి రెండు నిమిషాల లోపు వెలుగు కొలుస్తారు. ఆ అంకె డబ్బా మీదికి వెళుతుంది. సమయం మాత్రం ఆ వెలుగు పదో వంతుకు పడిపోయేదాకా లెక్కపెడతారు. అంత చిన్న లైటు అంత వేడిని తట్టుకోలేదు, కాసేపటికే తనంతట తానే తగ్గించేసుకుంటుంది. మిగతా సమయమంతా మీకు దొరికేది ఆ తగ్గిన వెలుగే. అబద్ధమేమీ రాయలేదు వాళ్లు, రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టారంతే.

కాలర్: అయితే కొనొద్దంటారా?

నిపుణుడు: వద్దనలేదు. అంకె సంగతి తర్వాత, ముందు బ్యాటరీ చూడండి. బయట దొరికే మామూలు బ్యాటరీ పడుతుందా, ఆ కంపెనీదే కావాలా? అది అడగండి.

యాంకర్: థాంక్యూ అండి. తర్వాతి కాలర్.

కాలర్: హలో... హలో, వినిపిస్తోందా? సార్, నా సమస్య కొంచెం పెద్దది. మా అల్లుడు గారికి టార్చిలంటే పిచ్చి. ఓ పెట్టె నిండా ఉన్నాయి. కిందటిసారి వచ్చినప్పుడు నాకొకటి ఇచ్చారు, "మామయ్యగారూ, ఇదే మంచిది, ప్రకటనలవి కొనకండి" అని. దాంతోపాటు విడిగా మూడు బ్యాటరీలు, ఒక చార్జరు. బటను ఒకటే సార్. ఒకసారి నొక్కితే ఒకటి, రెండుసార్లు నొక్కితే ఇంకొకటి, పట్టుకుంటే పెరుగుతుంది, వదిలి మళ్లీ పట్టుకుంటే తగ్గుతుంది. ఒక రాత్రి కరెంటు పోయింది. నేను నొక్కితే టకటకా కొట్టుకోవడం మొదలెట్టింది.

నిపుణుడు: స్ట్రోబ్.

కాలర్: అదే. కళ్లు బైర్లు కమ్మాయి. ఆపడం తెలీలేదు, దిండు కింద పెట్టాను.

నిపుణుడు: అయ్యో, అది మాత్రం చేయకండి. ఎక్కువ వెలుగులో ఉన్న టార్చిని గుడ్డల కింద పెడితే కాలుతుంది. నవ్వులాట కాదిది.

కాలర్: కాలలేదులెండి. తర్వాత ఈ వీడియోల్లో వచ్చే బ్రాండుది నేనే తెప్పించుకున్నాను. వెనక అయస్కాంతం, చార్జింగు తీగ దగ్గరికి తెస్తే టక్కున అతుక్కుంటుంది. ఒక్క నొక్కుతో వెలుగుతుంది, ఒక్క నొక్కుతో ఆరుతుంది. పెట్టె కూడా ఎంత బాగుందో. మా ఆవిడ ఆ పెట్టె పారేయనివ్వలేదు. ఇప్పుడు మా అల్లుడు గారు అది చూసి ముఖం మాడ్చుకున్నారు. "మోసపోయారు మామయ్యగారూ" అంటున్నారు. ఇంతకీ నేను తప్పు చేశానా?

నిపుణుడు: లేదండి. మీ ప్రశ్నలోనే ఈ రోజు విషయమంతా ఉంది, కాస్త వివరంగా చెప్తాను. మీ అల్లుడు గారు టార్చిని ఎలా చూస్తారో తెలుసా? లోపల ఏ ఎల్ఈడీ వేశారు, బ్యాటరీ దిగుతున్నా వెలుగు నిలకడగా ఉంచే సర్క్యూటు ఉందా, రేపు పాడైతే విప్పొచ్చా అని. వాటి మీద ఆయన విమర్శ చాలావరకు సరైనదే. మీరు చూసింది వేరు. చీకట్లో నొక్కితే వెలగాలి. చార్జింగు పెట్టడం మర్చిపోకూడదు. ఆ అయస్కాంతం చార్జరు ఉందే, చాలామందిని గెలిచింది అదే. టార్చి విప్పి, బ్యాటరీ తీసి, ప్లస్సు మైనస్సు చూసి చార్జరులో పెట్టే పని ఇంట్లో ఎవరు చేస్తారండి? చేయరు. కొన్నాళ్లకు ఆ గొప్ప టార్చి ఖాళీ బ్యాటరీతో సొరుగులో పడి ఉంటుంది. చార్జి లేని మంచి టార్చి కన్నా చార్జి ఉన్న మామూలు టార్చి నయం.

కాలర్: అదే నేనూ అన్నాను! ఆయన వినరే.

నిపుణుడు: ఇంకోటి. కొత్తవాళ్లకి విడి లిథియం బ్యాటరీలు చేతిలో పెట్టడం నాకు నచ్చదు. 18650 అంటారు, 18 మిల్లీమీటర్ల వెడల్పు, 65 పొడవు. నిండా చార్జి అయితే 4.2 వోల్టులు. జేబులో తాళాలతో కలిసి పడితే ప్లస్సుకీ మైనస్సుకీ లోహం తగిలి షార్టు అవుతుంది, క్షణాల్లో వేడెక్కి మండొచ్చు. ఈ పిచ్చి ఉన్నవాళ్లకి అది తెలుసు, వాళ్లు ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టుకుంటారు. సలహా ఇచ్చేటప్పుడు ఆ డబ్బా సంగతి మాత్రం చెప్పరు. మీ మూడు బ్యాటరీలు ఎక్కడున్నాయి?

కాలర్: సొరుగులో సార్. మేకులూ, స్క్రూ డ్రైవరూ ఉన్న సొరుగు.

నిపుణుడు: (గట్టిగా) ఈ ఫోను పెట్టేయగానే తీసి విడిగా డబ్బాలో పెట్టండి. ఇవాళే.

కాలర్: సరే సార్, సరే. మరి ఇంతకీ ఆ ప్రకటనది మంచిదా, చెడ్డదా? తప్పు చేశానా లేదా అన్నది చెప్పలేదు మీరు.

నిపుణుడు: చెప్పాను కదండీ, తప్పు కాదని.

కాలర్: కాదు, మంచిదా అని.

నిపుణుడు: మీ వాడకానికి మంచిదే. దాని లోటు ఇవాళ కనపడదు, బ్యాటరీ ముసలిదైనప్పుడు కనపడుతుంది. ఈ రకం టార్చిలు కొన్నింటిలో బ్యాటరీకి ప్లస్సు, మైనస్సు రెండూ ఒకే చివర ఉంటాయి, ఆ అయస్కాంతం చార్జింగు కోసం. మామూలు 18650 వేస్తే వెనకనుంచి చార్జి కాదు. మళ్లీ ఆ కంపెనీ దగ్గరికే వెళ్లాలి. వాళ్లు ఆ మోడలు ఆపేస్తే? మీ అల్లుడు గారి కోపమంతా దీని మీదే, ఇందులో నేను ఆయన వైపే. ఇప్పుడే ఒక అదనపు బ్యాటరీ, ఒక అదనపు చార్జింగు తీగ తెప్పించుకోండి. ఆ తీగ పోతే ఫోను చార్జరు పనికిరాదు.

కాలర్: మా అల్లుడు గారికి ఈ మాట మీరే చెప్తారా? ఇక్కడే పక్కనే...

యాంకర్: చాలామంది లైన్లో ఉన్నారండి, ధన్యవాదాలు. తర్వాతి కాలర్.

కాలర్: సార్, ఈ విమర్శలన్నీ ఓలైట్ మీదేగా? పేరు చెప్పడానికి భయమెందుకు?

నిపుణుడు: భయమేమీ లేదు. ఎక్కువగా వినపడే పేరు అదే. 2007లో మొదలైన చైనా కంపెనీ, షెన్‌జెన్‌ది. అయస్కాంతం చార్జింగు, సొంత రకం బ్యాటరీలు, గంటలు లెక్కపెట్టి అమ్మే ఫ్లాష్ సేళ్లు, యూట్యూబ్ వాళ్లకి పంపే లైట్లు, ఇవన్నీ అందరికీ తెలిసినవే. తయారీ నాణ్యత బాగుంటుందని తిట్టేవాళ్లే ఒప్పుకుంటారు. నా అభిప్రాయం అడిగితే, ఆ కంపెనీకి అసలు బలం టార్చి కన్నా అమ్మకం. సేలు ఎప్పుడో ముందే చెప్తారు, రంగు ఒక్కసారే వస్తుందంటారు, ఫలానా మొత్తానికి కొంటే చిన్న లైటు ఉచితం అంటారు. ఆ ఉచిత లైటు తాళాల గుత్తికి చేరి నలుగురికీ కనపడుతుంది. దాన్ని మించిన ప్రకటన ఏముంది?

కాలర్: నా దగ్గర వాళ్లవి తొమ్మిది ఉన్నాయి సార్. రాగివి, టైటానియంవి...

నిపుణుడు: (నవ్వుతూ) తిడుతూనే కొన్నారన్నమాట. మీలాంటి వాళ్లే చాలామంది.

యాంకర్: బాగుంది. నెక్స్ట్ కాలర్.

కాలర్: నమస్తే మేడమ్. నేను కొన్న టార్చి ఆరు నెలలకే పోయింది. ఆ కంపెనీ వాళ్లు, అదే...

యాంకర్: కంపెనీ పేరు వద్దండి, ప్రశ్న అడగండి.

కాలర్: వెనక అయస్కాంతం దగ్గర ఇనుప రజను అంటుకుపోయింది. చార్జి ఎక్కట్లేదు.

నిపుణుడు: అయస్కాంతం ఉన్నచోట రజను రాక తప్పదు. టేపు ముక్క అతికించి లాగండి, తర్వాత పొడి గుడ్డతో తుడవండి. సూదితో గీకకండి, రెండు కొసలూ కలిస్తే షార్టు. అప్పటికీ ఎక్కకపోతే వారంటీ అడగండి. పెద్ద బ్రాండ్లు కొనడానికి ఇదీ ఒక కారణమే, ఫిర్యాదు చేస్తే పలికేవాళ్లు ఉంటారు. చిన్న తయారీదారు దగ్గర ఒక్కోసారి పలకడానికే మనిషి ఉండడు.

యాంకర్: థాంక్యూ. తర్వాత.

కాలర్: సార్, నేను రాత్రి డ్యూటీ నర్సుని. టార్చి వెలుగులో పేషెంటు చర్మం రంగు సరిగ్గా తెలియట్లేదు. అంతా పాలిపోయినట్టు కనపడుతోంది. బాగా పేరున్నదే కొన్నాను.

నిపుణుడు: మంచి ప్రశ్నమ్మా, ఇది ఎవరూ అడగరు. సీఆర్ఐ అని ఒక కొలత ఉంది, రంగులు ఎంత సహజంగా కనపడతాయో చెప్తుంది. అత్యధికం 100. చాలా ప్రకటనల టార్చిల్లో 70 చుట్టుపక్కల ఉండే తెల్లటి, కొంచెం నీలం ఛాయ ఎల్ఈడీ వేస్తారు. ఎందుకంటే అదే కరెంటుకి దాన్నుంచి ఎక్కువ లూమెన్లు వస్తాయి. 90 దాటిన ఎల్ఈడీ వేస్తే అంకె తగ్గుతుంది. అంకె తగ్గితే ప్రకటనలో పక్క కంపెనీ ముందు వెలవెలబోతుంది. చూశారా, రంగు తెలియకపోవడానికి మూలం డబ్బా మీద అంకె. ఎరుపు సరిగ్గా కనపడాలంటే 90 పైన సీఆర్ఐ, 4000 కెల్విన్ల దగ్గర వెలుగు ఛాయ ఉన్నది అడగండి, కెల్విన్ అంటే ఆ ఛాయకి కొలత. లూమెన్లు 150 ఉన్నా మీ పనికి ఎక్కువే.

కాలర్: తక్కువైపోదా సార్?

నిపుణుడు: కాదమ్మా. మన కంటికి వెలుగు రెట్టింపు అయినట్టు అనిపించాలంటే లూమెన్లు దాదాపు నాలుగింతలు కావాలి. 1000కీ 1200కీ తేడా కంటికి ఆనదు, ప్రకటనలోనే కనపడుతుంది. మీకు దగ్గరి పని. బ్యాటరీ మాత్రం...

యాంకర్: బ్యాటరీ ముందు చూడాలి! (నవ్వు) తర్వాతి కాలర్.

కాలర్: యూట్యూబ్‌లో అందరూ ఒకే రోజు అదే టార్చిని పొగుడుతారు సార్. అంతా డబ్బేనా?

నిపుణుడు: ఉచితంగా లైటు వస్తుంది, కింద ఉన్న లింకు నుంచి కొంటే కమీషను వస్తుంది. చాలా దేశాల్లో ఆ సంగతి చెప్పితీరాలనే నియమం ఉంది, చాలామంది చెప్తారు కూడా. అందరూ అబద్ధాలాడుతున్నారని నేను అనను. ఉచితంగా వచ్చినదాన్ని వారం వాడి చెప్తారు, మూడేళ్ల తర్వాత బ్యాటరీ సంగతి ఎవరూ చెప్పరు. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. చేతి టార్చికి అమెరికాలో 1899లో డేవిడ్ మైసెల్ పేరుతో పేటెంటు వచ్చింది. దాన్ని అమ్మిన కాన్రాడ్ హ్యూబర్ట్ కంపెనీ న్యూయార్క్ పోలీసులకి కొన్ని ఊరికే ఇచ్చింది, వాళ్లు బాగున్నాయన్నారు. తర్వాత 1979లో వచ్చిన మాగ్‌లైట్ అనే అమెరికన్ టార్చికీ పోలీసుల చేతుల్లో కనపడటమే పెద్ద పేరు. ఎల్ఈడీలు వచ్చాక కూడా కొన్నేళ్లు పాత బల్బుతోనే అమ్ముడైంది. 2006లో గానీ వాళ్లు ఎల్ఈడీకి రాలేదు. అప్పుడు పోలీసులు, ఇప్పుడు యూట్యూబర్లు.

కాలర్: అంటే ఎవరినీ నమ్మొద్దా?

నిపుణుడు: గ్రాఫు చూపించేవాళ్లని నమ్మండి. టార్చి వేసినప్పటి నుంచి ఆరిపోయేదాకా వెలుగు ఎలా పడిందో గీసి చూపిస్తే, ఉచితంగా వచ్చినదైనా పర్లేదు.

యాంకర్: చివరి కాలర్, త్వరగా అడగండి.

కాలర్: సార్, మా అమ్మాయికి ఒకటి కొనాలి. మామూలు బ్యాటరీది కావాలా, చార్జింగుదా?

నిపుణుడు: తరచుగా వాడుతుందా?

కాలర్: ఎప్పుడో ఒకసారి.

నిపుణుడు: అయితే రెండు ఏఏ బ్యాటరీలతో నడిచేది చాలు. ఆల్కలైన్ వేసి ఏళ్ల తరబడి లోపలే ఉంచితే కారి టార్చిని తినేస్తాయి, కాబట్టి నికెల్ మెటల్ హైడ్రైడ్ రీచార్జబుల్ వేయండి. చార్జింగుదే కావాలంటే యూఎస్‌బీ సీ ఉన్నది, బ్యాటరీ బయటికి వచ్చేది తీసుకోండి. ఏ బ్రాండైనా సరే.

కాలర్: ఆ వీడియోల్లో వచ్చేదైనా?

నిపుణుడు: అదైనా సరే, ఈ రెండూ ఉంటే.

యాంకర్: సమయం అయిపోయింది. లైన్లో ఉండిపోయినవాళ్లు క్షమించాలి. వచ్చే వారం ఇన్వర్టర్ల మీద మాట్లాడుకుందాం, నమస్కారం.