బారసాల తరువాత బాలింత

శ్రోతలందరికీ నమస్కారం.

మన గోదావరి డెల్టాలో బారసాల జరిగిన ఇంటికి మరునాడు వెళ్ళి చూడండి. వాకిట్లో వేసిన పందిరి విప్పుతూ ఉంటారు, అద్దెకు తెచ్చిన వంటపాత్రలు వ్యాన్ ఎక్కుతూ ఉంటాయి, మేనత్తలూ పిన్నులూ బస్సు వేళకు సంచులు సర్దుకుంటూ ఉంటారు. పసిబిడ్డ కొత్త ఉయ్యాలలో నిద్రపోతూ ఉంటుంది. మూడు వారాలుగా తన చుట్టూ ఉన్న సందడి ఒక్కసారిగా సద్దుమణిగిన గదిలో బాలింత మంచం మీద కూర్చుని ఉంటుంది. ఆ మరునాటి నుంచి ఆమె మనసు ఎలా ఉంటుందో, ఎలా ఉండవచ్చునో, ఇంటివారు ఆమెకు ఏ విధంగా తోడు నిలవవచ్చునో ఈ రోజు మీతో చెప్పదలచుకున్నాను.

పుట్టింట పురుడు పోసుకోవడం మనవాళ్ళు తరతరాలుగా నిలుపుకొంటూ వచ్చిన మంచి ఏర్పాటు. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో కూతురిని ఇంటికి తెచ్చుకుని, కానుపు తరువాత మూడో నెల వరకో ఐదో నెల వరకో తమ దగ్గరే ఉంచుకుని, ఒంటికి నూనె, నలుగు, వేడినీళ్ళ స్నానం, తలకు సాంబ్రాణి ధూపం, చెవుల్లో దూది, ఉదయాన్నే కాయపు ఉండ, మొదటి ముద్దలోకి వెల్లుల్లి కారం, సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్ళలో అయితే పాలు పడతాయని సొర పుట్టు, ఇలా ఎంతో శ్రద్ధగా చూసుకుంటారు. పథ్యం పేరుతో ఆకుకూరలనూ పండ్లనూ మాన్పించడం, దాహానికి నీళ్ళు తగ్గించడం వంటివి వదిలిపెట్టవలసినవే అయినా, ప్రసవించిన స్త్రీ శరీరానికి విశ్రాంతి కావాలన్న గ్రహింపు మన సంప్రదాయంలో గట్టిగా ఉన్నది. ఆ శ్రద్ధలో కొంత ఆమె మనసుకు కూడా చేరాలి. అది బారసాలతో ఆగిపోకూడదు.

నేను ముప్ఫై ఏళ్ళకు పైగా ఈ ప్రాంతపు లంక గ్రామాలలో ఆరోగ్య కార్యకర్తగా పనిచేశాను. బాలింత ఉన్న ఇంటికి వెళ్ళినప్పుడల్లా బిడ్డను తూచాను, బొడ్డు చూశాను, పాలు సరిగా తాగుతున్నదా, ఎన్నిసార్లు మూత్రం పోస్తున్నదని అడిగాను, కార్డులో రాశాను. తల్లిని అడిగిన ప్రశ్నలు కూడా కుట్ల గురించో, రక్తస్రావం గురించో, పాల గురించో మాత్రమే ఉండేవి. ఒక ఇంట్లో, రెండో కాన్పులోనూ ఆడపిల్లను కన్న అమ్మాయి, నేను బయలుదేరుతూ ఉంటే గుమ్మం పట్టుకుని నిలబడి, "మళ్ళీ ఎప్పుడొస్తారండీ?" అని అడిగింది. నేను తేదీ చెప్పి పడవ ఎక్కాను. ఆమె ముఖంలోకి ఒక్క నిమిషం చూసి ఉంటే, ఆ ప్రశ్న ఎందుకు అడిగిందో తెలిసేది. రెండు నెలల తరువాత, తిండి మానేసి, మాట తగ్గించి, బిడ్డ ఏడుస్తున్నా గోడవైపు తిరిగి పడుకుంటున్న స్థితిలో ఆమెను వాళ్ళ అమ్మ మా దగ్గరకు తీసుకువచ్చింది. ఆ అమ్మాయి సంగతి తరువాత చెబుతాను.

కానుపు అయిన రెండో రోజో మూడో రోజో చాలామంది తల్లులకు కారణం లేకుండానే ఏడుపు వస్తుంది, చిన్న మాటకే మనసు చివుక్కుమంటుంది, అంతలోనే నవ్వు వస్తుంది. ప్రసవించిన వారిలో సగానికి పైగా స్త్రీలకు ఈ స్థితి కలుగుతుంది. గర్భంలో ఉన్నంతకాలం ఎంతో ఎక్కువగా ఉన్న ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్లు మాయ పడిపోయిన కొద్ది రోజులలోనే ఒక్కసారిగా తగ్గిపోవడం, కానుపు నొప్పి, నిద్రలేమి అన్నీ కలిసి ఇలా చేస్తాయి. దీనికి మందులు అవసరం లేదు. ఓదార్పు, నిద్ర, దగ్గర మనిషి ఉంటే రెండు వారాల లోపల దానంతట అదే తగ్గుతుంది.

రెండు వారాలన్న లెక్కను మన ఇళ్ళలో గుర్తుపెట్టుకోవడం సులభం. చాలా కుటుంబాలలో బారసాల 21వ రోజున చేస్తారు, అప్పటికి ఆ రెండు వారాలు దాటిపోయి ఉంటాయి. బారసాల నాటికీ తగ్గని ఏడుపును, బారసాల తరువాత కొత్తగా మొదలైన దిగులును బాలింతలకు మామూలేనని తోసిపుచ్చకండి. అది డిప్రెషన్, అంటే మనసు కుంగిపోయే జబ్బు కావచ్చు. కానుపు అయిన మొదటి సంవత్సరంలో ఎప్పుడైనా రావచ్చు. కొందరిలో కడుపుతో ఉండగానే మొదలవుతుంది. మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలను కలిపి పరిశీలించి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ప్రచురించిన వ్యాసం ప్రకారం, బాలింతలలో 22 శాతం మందికి ఈ జబ్బు లక్షణాలు ఉన్నాయి. ఐదుగురు బాలింతలున్న వీధిలో ఒకరికి ఉండవచ్చునన్న మాట.

అయితే మన ఆడపిల్లలు డిప్రెషన్ అన్న మాట వాడరు. "ఒంట్లో బాగోలేదండి" అంటారు. తల బరువు, గుండె దడ, ఒళ్ళంతా మంట, నీరసం అంటారు. "ఏమీ తోచడం లేదు" అంటారు. బిడ్డ నిద్రపోయినప్పుడు కూడా తనకు నిద్ర పట్టదు. బిడ్డ మీద ప్రేమ పుట్టడం లేదన్న భయం, తాను మంచి తల్లిని కానన్న అపరాధభావం లోలోపల కోస్తూ ఉంటాయి. కొందరికి, బిడ్డకు తన చేతుల మీదుగానే ఏదైనా జరిగిపోతుందేమోనన్న భయంకరమైన ఊహలు వద్దన్నా వస్తాయి. ఆ ఊహలకు ఆమే హడలిపోతుంది, ఎవరికైనా చెబితే తనను రాక్షసి అంటారేమోనని నోరు మూసుకుంటుంది. అటువంటి ఊహలు చాలామంది తల్లులకు వస్తాయనీ, వాటిని చూసి భయపడుతున్న తల్లి చెడ్డ తల్లి కాదనీ ఆమెకు చెప్పవలసిన బాధ్యత మనది.

ఎవరికి ఎక్కువగా వస్తుందని అడుగుతారు. ఇంతకుముందు ఇటువంటి జబ్బు వచ్చినవారికి, భర్త కొట్టే ఇంట్లో ఉన్నవారికి, చేతిలో డబ్బు ఆడనివారికి, బిడ్డ నెలలు నిండకుండా పుట్టినవారికి, బిడ్డను పోగొట్టుకున్నవారికి ముప్పు ఎక్కువ. గోవాలో తల్లులపై జరిగి 2002లో వెలువడిన అధ్యయనం, పేదరికం, భర్త హింస, ఆడపిల్ల పుట్టడం ఈ జబ్బుతో ముడిపడి ఉన్నాయని తేల్చింది. రెండోసారి ఆడపిల్ల పుట్టిందని ఇంట్లో ముఖాలు మాడిపోతే, ఆ మాడిన ముఖాలను రోజంతా చూస్తూ పాలివ్వవలసినది ఆ తల్లే.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన కారణాలు కూడా కొన్ని ఉన్నాయి. కోనసీమ నుంచీ పశ్చిమ డెల్టా నుంచీ ఎంతోమంది స్త్రీలు ఇంటిపనులకు కువైట్, మస్కట్ వంటి చోట్లకు వెళ్ళారు. అందువల్ల పురిటికి వచ్చిన కూతురికి పుట్టిల్లు ఉన్నది గాని ఆ ఇంట్లో అమ్మ లేదు. వృద్ధురాలైన అమ్మమ్మ నీళ్ళు కాచి పోస్తుంది, అమ్మ రాత్రిపూట ఫోన్‌లో కనబడి కన్నీళ్ళు పెట్టుకుంటుంది. మరికొందరికి భర్తే పరాయి దేశంలో ఉంటాడు. నరసాపురం చుట్టుపక్కల పల్లెలలో పురిటి నెల గడవకముందే లేసు దారం, కొక్కెపు సూది చేతికి తీసుకునే బాలింతలను నేను చూశాను. 2022 జూలైలో ధవళేశ్వరం వద్ద వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకలు మునిగి, ఇళ్ళు వదిలి వచ్చిన కుటుంబాలలో పసిబిడ్డల తల్లులు కూడా ఉన్నారు. నీళ్ళు తగ్గాక ఇంట్లో పేరుకున్న బురద ఎత్తిపోసే హడావిడిలో వారి నిద్ర గురించి అడిగే తీరిక ఎవరికుంటుంది?

ఇంటివారు చేయగలిగిన వాటిలో నేను నిద్రను మొదట చెబుతాను. పసిబిడ్డకు రోజుకు 8 నుంచి 12 సార్లు పాలివ్వాలి. పాలివ్వడం తల్లి పని. పాలు తాగిన బిడ్డను భుజాన వేసుకుని తేన్పు తెప్పించడం, గుడ్డలు మార్చడం, ఉయ్యాల ఊపడం ఎవరైనా చేయవచ్చు, తండ్రి కూడా చేయవచ్చు. బాలింతకు రోజులో ఒక్కసారైనా నాలుగైదు గంటలు ఏకధాటిగా నిద్ర దొరికేలా ఇల్లంతా వంతులు వేసుకోవాలి. బిడ్డను చూడవచ్చే చుట్టాలు ఆమె నిద్రలేచే దాకా వసారాలో కూర్చున్నా మర్యాదకు లోటేమీ రాదు.

తరువాతిది అడగడం. "ఏమ్మా, పాలు పడుతున్నాయా?" అన్న ప్రశ్నకు ముందు, "ఏమ్మా, నీకెలా ఉంది? రాత్రి నిద్ర పట్టిందా? మనసు ఎలా ఉంది?" అని అడగండి. అడిగి, సమాధానం పూర్తయ్యే దాకా ఆగండి. "మేమందరం కనలేదా, పెంచలేదా" అనకండి. ఈ మాట మన అత్తల నోటా అమ్మల నోటా ఎంతో సులభంగా వస్తుంది, వారు కూడా అలాగే భరించారు కాబట్టి వస్తుంది. కాని ఆ మాట విన్న అమ్మాయి మళ్ళీ నోరు విప్పదు. దూరాన ఉన్న భర్తలకు ఒక విన్నపం. వీడియో కాల్‌లో "బాబును చూపించు" అనే ముందు భార్య ముఖాన్ని చూడండి, ఆమెతో కాసేపు మాట్లాడండి.

ఈ జబ్బును గుర్తించేందుకు వైద్యులూ ఆరోగ్య కార్యకర్తలూ ఉపయోగించే ప్రశ్నావళి ఒకటి 1987లో ఎడిన్‌బరోలో తయారైంది. పది ప్రశ్నలు, గడిచిన ఏడు రోజుల గురించి అడుగుతారు, పది నిమిషాలు కూడా పట్టదు. చివరి ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. ఆ ప్రశ్న అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది జంకుతారు. అలా జరగదు. అడిగినందువల్ల ఎంతో కాలంగా మోస్తున్న బరువు దించుకున్నట్లు చెప్పేసిన తల్లులు ఉన్నారు. ఆసుపత్రిలో కానుపు అయితే 3, 7, 14, 21, 28, 42వ రోజులలో ఆశా కార్యకర్త ఇంటికి వస్తుంది. తరువాత మూడో నెలలో గాని రాదు. ఆ మధ్యకాలంలో ఆమె ఫోన్ నంబరు మీ దగ్గర ఉంచుకోండి.

ఇక క్షణం ఆలస్యం చేయకూడని స్థితి ఒకటి ఉన్నది. వెయ్యి కాన్పులలో ఒకటి రెండింటిలో, ఎక్కువగా మొదటి రెండు వారాలలోనే, తల్లి నిద్ర పూర్తిగా పోతుంది, పొంతన లేకుండా మాట్లాడుతుంది, ఎవరివో గొంతులు వినిపిస్తున్నాయంటుంది, బిడ్డ తన బిడ్డ కాదనో, ఎవరో చేతబడి చేశారనో గట్టిగా నమ్ముతుంది. మా పెద్దలు దీనిని బాలింత గుణం కమ్మిందనేవారు. జ్వరపు సంధికీ, మూర్ఛకూ కూడా వారు అదే మాట వాడేవారు. పేరేదైనా ఇవన్నీ ఆసుపత్రికి తీసుకువెళ్ళవలసినవే. గాలి సోకిందని తాయెత్తుల కోసం తిరిగితే విలువైన గంటలు పోతాయి. ఆ సమయంలో తల్లినీ బిడ్డనూ ఒంటరిగా వదలకండి. 108కి ఫోన్ చేయండి, లేదా దొరికిన బండిలో బయలుదేరండి. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. చికిత్స పేరుతో బిడ్డను తన దగ్గర నుంచి తీసేసుకుంటారని తల్లి భయపడితే, మూడేళ్ళలోపు బిడ్డను చికిత్స పొందుతున్న తల్లి నుంచి సాధారణంగా విడదీయకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతున్నదని ధైర్యం చెప్పండి. బెంగళూరులోని నిమ్‌హాన్స్ మానసిక వైద్య సంస్థలో తల్లీబిడ్డలను కలిపి ఉంచే వార్డు 2009 నుంచి నడుస్తున్నది.

డిప్రెషన్‌కు చికిత్స దూరాన లేదు. పాకిస్తాన్‌లోని రావల్పిండి ప్రాంతపు పల్లెలలో, పెద్ద చదువులు లేని గ్రామ ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, కుంగిపోయిన తల్లుల ఇళ్ళకు పంపి, వారితో ఒక పద్ధతి ప్రకారం మాట్లాడించారు. బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి, మామూలు సందర్శనలు మాత్రమే అందిన తల్లులలో 53 శాతం మంది ఇంకా జబ్బుతోనే ఉండగా, శిక్షణ పొందినవారు వెళ్ళిన ఇళ్ళలో ఆ సంఖ్య 23 శాతానికి తగ్గింది. 2008లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. మన ఆశాలకూ, అంగన్‌వాడీ కార్యకర్తలకూ, ఏఎన్ఎంలకూ ఈ శిక్షణ అందాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. జబ్బు ఎక్కువగా ఉన్నప్పుడు మందులు కావాలి. పాలిచ్చే తల్లులు వాడదగిన మందులు ఉన్నాయి. పాలలోకి చాలా తక్కువగా చేరేవాటిని వైద్యులు ఎంచి ఇస్తారు. మందు మొదలుపెట్టాక కాస్త తేలికగా ఉందని సొంతంగా ఆపకండి, పాలు కూడా సొంత నిర్ణయంతో మాన్పించకండి. రక్తహీనతకూ, థైరాయిడ్‌కూ పరీక్ష చేయించండి, ఎందుకంటే అవి కూడా ఇటువంటి నీరసాన్నీ దిగులునూ తెస్తాయి. రేవు దాటి ఆసుపత్రికి వెళ్ళలేని రాత్రివేళ కూడా ఫోన్‌లో మాట్లాడేందుకు టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సేవ ఉంది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించినది, రాత్రింబవళ్ళు ఉచితంగా అందుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు. దయచేసి నంబరు రాసుకోండి. 14416. ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు.

గుమ్మం పట్టుకుని నిలబడిన ఆ అమ్మాయి గురించి చెబుతానన్నాను. డాక్టరుగారు మాత్రలు రాశారు, వారానికోసారి నేను వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను. మొదటి రెండు వారాలు ఆమె పెద్దగా మాట్లాడలేదు. నాలుగో నెలలో ఒక రోజు నేను వెళ్ళేసరికి, చిన్నదాన్ని చంకన వేసుకుని, వాకిట్లో చేపల బుట్ట దించిన ఆవిడతో మాగ చేపల ధర గురించి గట్టిగా బేరమాడుతున్నది. నేను గేటు దగ్గరే ఆగి, ఆ బేరం తెగే దాకా చూస్తూ నిలబడ్డాను.

మూడో నెలలోనో ఐదో నెలలోనో మీ అమ్మాయిని అత్తవారింటికి పంపుతారు. చలిమిడి, పసుపు కుంకుమలు, చీర, బిడ్డకు వెండి మొలతాడు, సారె బుట్టలు సర్దుతారు. సర్దడం అయ్యాక వియ్యపురాలిని పక్కకు పిలిచి, "వదినగారూ, ఇది రాత్రిళ్ళు సరిగ్గా పడుకోవడం లేదు, మధ్యాహ్నం రెండు గంటలు దీనిని పడుకోనివ్వండి. ఈ మాత్ర రాత్రి అన్నం తిన్నాక వేసుకోవాలి, వచ్చే నెల డాక్టరుకు చూపించాలి. మీ అబ్బాయితో కూడా చెప్పాను. ఏ కాస్త తేడాగా ఉన్నా నాకు ఫోన్ చేయండి, నేను వచ్చేస్తాను" అని చెప్పండి. ఆ మాటలన్నీ మీ అమ్మాయి వింటూ ఉండగానే చెప్పండి.

నమస్కారం.