కొండ దిగాక కాలువ గట్టు

అందరికీ నమస్కారం. ఈ చలికాలం పాతిక మందిని వెంటబెట్టుకుని కొండెక్కి దిగి, కాలువ గట్టు మీదుగా తిరిగొచ్చే బాధ్యత తీసుకున్నవారి కోసం ఈ నాలుగు మాటలు. కొండ మీద ఎవరైనా ఒళ్లు దగ్గర పెట్టుకునే నడుస్తారు. దిగాక “ఇక చదునేగా” అనుకుంటారు చూడండి, అసలు ముప్పు అక్కడే. అందుకే కొండ గురించి తక్కువా, గట్టు గురించి ఎక్కువా చెబుతాను.

ముందు లెక్క. డిసెంబరు చివర మన శ్రీకాకుళం వైపు పొద్దు పొడిచేసరికి ఆరుంబావు దాటుతుంది, సాయంత్రం ఐదున్నరలోపే గుంకుతుంది. ఒంటరి మనిషి గంటకు 4 కిలోమీటర్లు నడిస్తే, గుంపు 3 దాటదు. 10 కిలోమీటర్లకు మూడు గంటల ఇరవై నిమిషాలు, 100 మీటర్ల ఎక్కుడుకు మరో 20 నిమిషాలు, ఆగడాలకు ఓ గంట. ఆరున్నరకు కదిలితే తిరిగొచ్చేసరికి పదకొండు దాటుతుంది. మంచు దట్టంగా ఉంటే అరగంట ఆగి బయల్దేరండి. తడిసిన బండ మీద ఎంత మంచి బూటైనా జారుతుంది.

కొండను ఎంచుకునే ముందు ఆ ఊరి మేకల కాపరిని అడగండి. ఉద్దానం జీడితోటల వైపు ఎలుగుబంట్లు తిరుగుతాయి, పార్వతీపురం వైపు ఏనుగులు. వాటి జాడ ఉందని తెలిస్తే ఆ వారం అటు వెళ్లొద్దు, అంతే. శాలిహుండం లాంటి కొండ అయితే ఇంకో జాగ్రత్త కూడా ఉంది. వాడుక భాష గిడుగు రామమూర్తి గారే 1919లో అక్కడి బౌద్ధ శిథిలాలను వెలుగులోకి తెచ్చారు. ఆ ఇటుకల మీద కూర్చుని పులిహోర పొట్లాలు విప్పకండి.

కొండ దిగేటప్పుడు చిక్కు తెచ్చేది ఎర్ర గ్రావెల్. గట్టి నేల మీద పరుచుకున్న ఆ గులకలపై నడవడం, గచ్చు మీద జొన్నలు పోసి నడిచినట్టే. పెద్ద అంగలేస్తే మడమ జారి వెనక్కి పడతారు. మోకాళ్లు కాస్త వంచి, చిన్న అడుగులు వేయాలి. పైనే అందరినీ కూర్చోబెట్టి బూట్ల లేసులు విప్పించి, మడమను వెనక్కి నెట్టి, చీలమండ దగ్గర బిగించి మళ్లీ కట్టించండి. ఈ మూడు నిమిషాలు ఆగకపోతే దిగేటప్పుడు వేళ్లు బూటు ముందుభాగానికి కొట్టుకుని, మర్నాటికి గోళ్లు నల్లబడతాయి.

కిందికొస్తే వరి కోసిన మడులు. ఖాళీగా కనిపిస్తాయి గానీ ఖాళీ కావు. కోతకు ముందే చల్లిన మినుము, పెసర కొయ్యకాళ్ల మధ్య రెండాకులేసి ఉంటాయి. కాబట్టి ఒకరి వెనక ఒకరుగా గట్టు మీదే నడవాలి. కళ్లంలో ధాన్యం ఆరబోసి ఉంటే చుట్టూ తిరిగి వెళ్లండి. బూట్లతో తొక్కితే ఏ రైతూ ఊరుకోడు.

ఇక కాలువ. గొట్టా బ్యారేజీ నుంచి వచ్చే వంశధార కాలువల కింద నడిచేవారు ముందు రోజే కాలువ నీళ్లు చూసుకునే లస్కరును అడగండి, నీళ్లు ఉన్నాయా, కట్టేశారా అని. నీళ్లు లేకపోయినా తూముల దగ్గర, నీళ్లు మెట్టులా కిందికి దూకే డ్రాపుల కింద లోతైన మడుగులు మిగులుతాయి. సిమెంటు చేసిన ఏటవాలు నీటి అంచున పచ్చగా, నున్నగా నాచు పడుతుంది. కాళ్లు కడుక్కుందామని ఒక్కరు దిగితే చాలు. జారాక పట్టుకోవడానికి పొదా ఉండదు, రాయీ ఉండదు. చేయి అందిద్దామని దిగిన రెండోవారూ వెనకే జారతారు. అందుకే ఎవరూ దిగకూడదు. 15 మీటర్ల తాడు ఒక చివర, మూత గట్టిగా బిగించిన ఖాళీ ఐదు లీటర్ల నూనె డబ్బా కట్టి ఉంచుకోండి. పడినవారికి ముందు అది విసరాలి, గట్టు మీద బోర్లా పడుకుని లాగాలి. నీళ్లు పారుతుంటే ప్రవాహానికి ఎదురీదొద్దని, వెల్లకిలా తేలుతూ కింది రేవు మెట్ల వైపు రమ్మని అరవండి.

ఈ రోజుల్లో గట్టు మీద ధాన్యం బస్తాల ట్రాక్టర్లు తిరుగుతుంటాయి. హారన్ వినగానే మనిషి ఎటు తోస్తే అటు ఒరుగుతాడు. అందరూ పొలం వైపే తప్పుకోవాలని బయల్దేరే ముందే చెప్పండి. కొండ మొదట్లో, పైన, దిగాక, కాలువ దాటాక ఎవరికిచ్చిన అంకె వారే గట్టిగా చెప్పాలి. మీరు లెక్కపెడితే ఒకరు తగ్గినా తెలియదు.

చలి కదా అని నీళ్లు తాగరు. మనిషికి లీటరున్నర మోయించండి. ఓఆర్‌ఎస్ పొట్లం లీటరు నీళ్లకు ఒకటి, సగం పొట్లం సీసాలో పోసి కలపడం కాదు. పొద్దున్నే చోడి (రాగి) అంబలి తాగి బయల్దేరితే సగం దారి ఇబ్బంది ఉండదు. గట్టు మీద ఎండకు రక్తపింజర పడుకుని ఉండొచ్చు, ముందు నడిచేవారి చేతిలో కర్ర ఉండాలి. కాటు పడితే కోయడం, బిగించి కట్టడం, మంత్రం వేయించడం వద్దు. ఉంగరాలు, మెట్టెలు తీసేసి, కాలు కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయాలి.

గేగులు (తేగలు) కాల్చుకు తినడానికి పొదల పక్క గడ్డిలో చతికిలబడటం అందరికీ సరదా. స్క్రబ్ టైఫస్ అనే జ్వరం అంటించే సన్నని పురుగులు ఉండేది అక్కడే. గుడ్డ పరిచి కూర్చోండి, ఇంటికెళ్లి స్నానం చేసి బట్టలు ఉతకండి. పేర్లు, ఫోన్ నంబర్ల కాగితం మాత్రం మూడు వారాలు పారేయొద్దు. ఈలోగా ఎవరికైనా జ్వరమొచ్చి, ఒంటి మీద కాలినట్టు నల్లని పొక్కు కనిపిస్తే, పొదల్లో తిరిగామన్న సంగతి డాక్టరుకు చెప్పమనండి.