హైడ్రోలైజ్డ్ డాగ్ ఫుడ్ రివ్యూ: సంచికి మార్కులు వేస్తాను, పెట్టెకు వేయను

నమస్కారం. ఈ రోజు మాట్లాడుకోబోయేది అలర్జీ ఉన్న కుక్కల కోసం తయారైన హైడ్రోలైజ్డ్, అంటే ప్రోటీన్‌ను చిన్న ముక్కలుగా విరిచిన, డాగ్ ఫుడ్. ఈ సంచిని తయారీదారులే నాకు ఉచితంగా పంపించారు. దీనికి నేను డబ్బు తీసుకోలేదు, వీడియోను ముందుగా వారికి చూపించనూ లేదు. ప్రోటీన్ శాతం, కొవ్వు శాతం, కేలరీల లెక్క మీరు ఈపాటికి ఎక్కడో ఒకచోట చదివే ఉంటారు కనుక వాటి జోలికి వెళ్లను.

మా కుక్క బంటికి ఏడాది పొడవునా దురద ఉంటుంది. పుప్పొడి రేగే కాలంలో అది రెట్టింపవుతుంది. పాదాలు నాకడం, చెవులు గోక్కోవడం, పొట్ట కింద చర్మం ఎర్రబడడం తిండి అలర్జీలోనూ, పుప్పొడి లాంటి గాలి అలర్జీలోనూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి, చూసినంత మాత్రాన ఏది తిండి వల్ల వచ్చిందో, ఏది గాలి వల్ల వచ్చిందో పశువైద్యులు సైతం చెప్పలేరు. కాలంతో వచ్చి కాలంతో పోయే దురద అయితే పుప్పొడిని అనుమానించవచ్చు. ఏ కాలమైనా ఆగకుండా సాగేదానిలో తిండికీ, ఇంటి దుమ్ములో ఉండే కంటికి కనిపించని పురుగులకూ (డస్ట్ మైట్స్) వాటా ఉండవచ్చు. రెండు అలర్జీలూ ఉన్న కుక్క పరిస్థితి సగం నిండిన కుండ లాంటిది; పుప్పొడి కాలం రాగానే అది పొర్లిపోతుంది. పుప్పొడిని మనం ఆపలేము, కానీ కుండలో ముందే చేరిన తిండి వాటాను తీసేయవచ్చు. ఆహారం మార్చడం వల్ల కలిగే ప్రయోజనం అంతవరకే, అది తక్కువేమీ కాదు.

దీనికి ముందు ధాన్యం లేనిదని పెద్ద అక్షరాలతో రాసిన ఒక చేప ఆహారం వాడాము. ధాన్యం మానేస్తే అలర్జీ పోతుందన్న నమ్మకం చాలామందిలో ఉంది. 2016లో ప్రచురితమైన ఒక సమీక్షలో, తిండి అలర్జీ ఉన్న 297 కుక్కల వివరాలను పరిశీలించినప్పుడు 34 శాతం కుక్కలకు గొడ్డు మాంసం, 17 శాతానికి పాల పదార్థాలు, 15 శాతానికి కోడి మాంసం పడలేదని తేలింది. గోధుమ 13 శాతంతో నాలుగో స్థానంలో ఉంది. అంటే మనం అందరికంటే ముందు ఇంటి నుంచి వెళ్లగొట్టే ధాన్యం కంటే, బలమని రోజూ పెట్టే మాంసమే ఎక్కువసార్లు దోషిగా నిలిచింది. పైగా ఆ చేప సంచి వెనుక చిన్న అక్షరాలలో కోడి కొవ్వు కూడా ఉంది.

ఇప్పటి సంచి సంగతికి వస్తాను. ఇందులోని సోయా ప్రోటీన్‌ను ఎంజైములతో చిన్నచిన్న ముక్కలుగా విరిచారు. శరీరంలో అలర్జీని రేపే మాస్ట్ కణాల మీద ఉండే యాంటీబాడీలలో కనీసం రెండింటిని ఒకే ప్రోటీన్ కలిపి పట్టుకుంటేనే ఆ కణం దురద పుట్టించే రసాయనాలను వదులుతుంది. ముక్క మరీ చిన్నదైతే ఆ రెండింటినీ అందుకోలేదు. ఆలోచన చక్కనిదే. అయితే ముక్కలన్నీ ఒకే పరిమాణంలో ఉండవు కనుక, మూల ప్రోటీన్ పడని కుక్కలలో కొన్నింటికి ఇది కూడా పడకపోవచ్చు. అందువల్ల మీ కుక్క ఇంతవరకు దేని ప్రోటీన్ తినలేదో చూసుకుని, ఆ మూలం ఉన్న సంచిని ఎంచుకోవడం మేలు.

గుళికలు బూడిద రంగులో, చూడటానికి ఏమాత్రం ఆకర్షణ లేకుండా ఉన్నాయి. విరిచిన ప్రోటీన్‌కు కొంత చేదు ఉంటుంది. బంటి మొదట వాసన చూసి, నా ముఖం వైపు చూసి, గిన్నె వదిలి వెళ్లిపోయింది. పాత తిండిలో కొద్దికొద్దిగా కలుపుతూ పెంచాక అలవాటు పడింది. ఫలితం నాకు మొదట కనిపించింది పాదాల మీదే. నాకినాకి లాలాజలంతో తుప్పు రంగుకు మారిన వెంట్రుకల మొదళ్లలో, వేళ్ల సందున, తెల్లని కొత్త వెంట్రుక మొలవడం మొదలైంది. కొనలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి, మొదలు మాత్రం తెల్లన.

ఇక నన్ను నిజంగా చిరాకు పెట్టిన విషయం. అదే పెట్టెలో, సంచితోపాటు ఒక చిన్న బిస్కెట్ పొట్లం వచ్చింది. మీ నేస్తానికి మా కానుక అని దాని మీద అచ్చువేశారు. వెనక్కు తిప్పి, కెమెరాతో పెద్దది చేసి చదివితే కోడి కాలేయం పొడి, గోధుమ పిండి, చీజ్ పొడి కనిపించాయి. ఇందాక చెప్పిన నాలుగు దోషులలో మూడు ఒకే బిస్కెట్‌లో ఉన్నాయి! అలర్జీ ఉన్న కుక్క కోసమే తయారైన ఆహారంతో ఇటువంటిది పంపినవారి పేరు చెప్పి ప్రచారం చేయడం నాకు ఇష్టం లేదు, అందుకే బ్రాండ్ పేరు దాచాను.

ఒక్క బిస్కెట్‌తో ఏమవుతుందని మీరు అడగవచ్చు. ఈ ఆహారం ఒక్కటే పెట్టి దురద తగ్గుతుందేమో చూసే పరీక్షలో ఆ ఒక్కటే అన్నింటినీ తారుమారు చేస్తుంది. 2015లో వచ్చిన మరొక సమీక్ష ప్రకారం, తిండి అలర్జీ ఉన్న కుక్కలలో 80 శాతానికి పైగా 5 వారాలకు, 90 శాతానికి పైగా 8 వారాలకు కుదుటపడతాయి. ఆ 8 వారాలూ వేరే ఏదీ నోట్లో పడకూడదు. మధ్యలో దురద పెరిగితే అది బిస్కెట్ వల్లనా, పుప్పొడి వల్లనా, కొత్త ఆహారం పనిచేయకనా అని తేల్చలేక మళ్లీ మొదటికి రావాలి. మాంసపు రుచి కలిపిన నమిలే మాత్రలు, కుక్కల టూత్‌పేస్ట్, పిల్లలు కింద పడేసే తిండి ముక్కలు, అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. అయితే మాత్రను మీరే ఆపేయకండి. రుచి కలపని రకం ఉందేమో వైద్యులను అడగండి. 2 వారాలలో దురద మాయమవుతుందని చెప్పే కరపత్రాలను కూడా నమ్మకండి: కడుపు సర్దుకోవడానికి ఆ సమయం సరిపోవచ్చు, చర్మానికి సరిపోదు.

పెట్టెతో నాకున్న తగవు పెట్టెతోనే; సంచిలోని ఆహారాన్ని మాత్రం ఇకముందు నా డబ్బుతోనే కొంటాను. అయితే బంటికి తిండి అలర్జీ ఉందని నేను ఇంకా ప్రకటించడం లేదు. పాత తిండి మళ్లీ పెట్టి చూసినప్పుడు, సాధారణంగా 2 వారాలలోపు, దురద తిరిగి వస్తేనే అది రుజువైనట్లు. తిండి అలర్జీ విషయంలో రక్త పరీక్షలు, లాలాజల పరీక్షలు, వెంట్రుకల పరీక్షలు నమ్మదగినవి కావు కనుక ఈ ఓపిక తప్పదు. ఇందులో చేప నూనె నుంచి వచ్చే ఒమేగా 3 కూడా ఉంది, అది చర్మానికి మేలు చేస్తుంది, కానీ ఆ మేలు కనబడటానికి 12 వారాల వరకు పట్టవచ్చు. పుప్పొడి కాలం మొదలయ్యాక ప్రారంభిస్తే ఆ ఏడాదికి పెద్దగా ఉపయోగపడదు. ఏడాదంతా గోక్కునే కుక్క ఉన్నవారు, ఒంటి మీద ఫ్లీస్ (రక్తం పీల్చే చిన్న పురుగులు) లేవని తేల్చుకున్నాక, దీన్ని వైద్యుల సలహాతో వాడి చూడండి. పుప్పొడి కాలంలో మాత్రమే గోక్కునే కుక్క ఉన్నవారు ఈ సంచి కొనవద్దు. ఆ డబ్బును వైద్యులు రాసే దురద మందుకు కేటాయించండి, బయట తిరిగి వచ్చినప్పుడల్లా పాదాలను తడిగుడ్డతో తుడవండి.