ఒక తీగ, ఒక సొరబుర్ర, ఒక నాణెం: ననా వాస్కొన్‌సెలోస్ సంగీత ప్రయాణంపై రివ్యూ

నమస్కారం. ఈసారి నేను ఒక ఆల్బమ్‌ను కాకుండా ఒక కళాకారుడి జీవితకాలపు పనిని మీ ముందు ఉంచుతున్నాను. ఆయన బ్రెజిల్‌కు చెందిన తాళవాద్య కళాకారుడు ననా వాస్కొన్‌సెలోస్. పేరును ‘ననా’ అని, చివరి అక్షరాన్ని సాగదీసి పలకాలి. మొదటి అక్షరాన్ని సాగదీస్తే మనకు ‘నానా పాట్లు’ గుర్తుకు వస్తాయి. ఆయన పాట్లు పడలేదని నేను అనను గానీ, ఈ వీడియో వాటి గురించి కాదు.

ముందుగా ఆయన చేతిలోని వాద్యాన్ని దగ్గరగా చూద్దాం, ఎందుకంటే అది తెలియకపోతే మిగతా కథ పట్టుబడదు. దాని పేరు బెరింబావ్. మనిషి భుజం ఎత్తు ఉండే ఒక కర్రను విల్లులా వంచి, దానికి ఉక్కు తీగ బిగిస్తారు. చాలాసార్లు ఆ తీగను పాత కారు టైరులోంచి లాగి తీస్తారు. కర్ర కింది భాగంలో, లోపలి గుజ్జంతా తీసి ఎండబెట్టి, ఒక వైపు కోసిన సొరబుర్రను తాడుతో కడతారు. వాయించేవాడు ఎడమ చేతి చిటికెన వేలిని ఆ తాడు కింద దూర్చి వాద్యం బరువునంతా దానిమీద మోస్తూ, అదే చేతి బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఒక నాణేన్నో గులకరాయినో పట్టుకుంటాడు. కుడి చేతిలో ఒక సన్నటి పుల్ల, ఆ చేతి వేళ్ళకే తగిలించిన గింజల బుట్ట ఉంటాయి. పుల్లతో తీగను కొడితే ఒక స్వరం, నాణేన్ని తీగకు నొక్కిపెట్టి కొడితే దానికి కాస్త పైన ఇంకొక స్వరం, నాణెం తగిలీ తగలనట్టు ఉంటే ఒక జుమ్మనే శబ్దం వస్తాయి. చేతిలో ఉన్నవి ఇంతే.

అయితే బుర్ర తెరిచిన వైపు వాయించేవాడి పొట్టకు ఎదురుగా ఉంటుంది. దాన్ని పొట్టకు ఆనించినప్పుడు శబ్దం మూసుకుపోతుంది, దూరం జరిపినప్పుడు తెరుచుకుంటుంది. మన ఘటం విద్వాంసులు కుండ మూతిని పొట్టకు నొక్కి, వదిలి నాదాన్ని మార్చడం మీరు కచేరీల్లో చూసే ఉంటారు; సూత్రం అదే. మోర్సింగ్ విన్నవారికి ఆ ‘వావ్... వావ్’ అనే నాదపు ఊగు కూడా కొత్తగా అనిపించదు. రెండు స్వరాల వాద్యం రెండు వందల ఛాయలు పలకడానికి కారణం ఆ సొరబుర్రకూ పొట్టకూ మధ్య ఉన్న నాలుగు వేళ్ళ ఖాళీయే.

బ్రెజిల్‌లో ఈ వాద్యం ప్రధానంగా బయీయా ప్రాంతపు కపోయెరాకు చెందినది. యుద్ధవిద్యా నృత్యమూ కలిసిన ఆ ఆటలో ఎంత వేగంగా ఆడాలో, ఏ తీరున ఆడాలో బెరింబావ్ నిర్దేశిస్తుంది. ఆఫ్రికా నుంచి, ముఖ్యంగా నేటి అంగోలా ప్రాంతం నుంచి బానిసలుగా తీసుకువచ్చిన ప్రజల వద్ద ఉన్న సంగీత విల్లులు దీనికి పూర్వరూపాలు. ననా మాత్రం బయీయావాడు కాదు. ఆయన 1944 ఆగస్టు 2న పెర్నాంబుకో రాష్ట్ర రాజధాని రెసీఫిలో పుట్టారు. అసలు పేరు జువెనాల్ ది ఒలాండా వాస్కొన్‌సెలోస్. తండ్రి గిటార్ కళాకారుడు. పన్నెండేళ్ళకే ననా తండ్రి బృందంలో బొంగోలు అనే జంట డోళ్ళు, మరాకాలు అనే గింజల గిలకలు వాయించారు. అంటే బెరింబావ్ ఆయనకు పుట్టింటి వాద్యం కాదు, ఎంచుకున్న వాద్యం. బహుశా అందుకే కపోయెరా నియమాల నుంచి దాన్ని బయటకు తెచ్చి, ఒంటరిగా కచేరీ వేదిక మీద కూర్చోబెట్టే చొరవ ఆయనకు కలిగిందని నేను అనుకుంటాను. ఇంట్లో పెరిగినవారికి ఆ చనువు అంత తేలికగా రాదు.

1960ల చివరలో ఆయన రియో డి జనీరో చేరి, మిల్టన్ నసిమెంతో వంటి గాయకులతో పనిచేశారు. అర్జెంటీనా శాక్సోఫోన్ కళాకారుడు గాతో బార్బియేరి ఆయనను తన బృందంలోకి తీసుకోవడంతో 1971 నాటికి న్యూయార్క్ స్టూడియోలోనూ, స్విట్జర్లాండ్‌లోని మాంట్రూ ఉత్సవ వేదిక మీదా ఆయన వినిపించారు. ఆ తర్వాత పారిస్‌లో స్థిరపడి ‘ఆఫ్రికాదెయుస్’ అనే తన తొలి ఆల్బమ్ చేశారు. ఆ పారిస్ రోజుల్లోనే మానసిక సమస్యలున్న పిల్లలతో ఒక ఆసుపత్రిలో సంగీతం ద్వారా పనిచేశారు. దీన్ని చాలామంది ఒక వాక్యంలో ముగించి ముందుకు పోతారు, కానీ ఆయన సంగీతాన్ని అర్థం చేసుకోవడానికి ఇది చాలా ముఖ్యమని నా అభిప్రాయం. మాట రాని, మాట వినని పిల్లవాడి ముందు కూర్చున్నప్పుడు పనికొచ్చేది చేతి వేగం కాదు. వాడు చేసిన శబ్దానికి తగిన శబ్దంతో బదులివ్వగలగడం. తరువాతి ఆల్బమ్‌లలో ఆయన చెంపలు తట్టుకుంటూ, గుండెల మీద చరుచుకుంటూ, అర్థం లేని అక్షరాలను పాడుతూ చేసే సంగీతంలో నాకు ఆ గది వినిపిస్తుంది.

ఇక అసలు రికార్డుల దగ్గరికి వద్దాం. 1976 నవంబరులో ఓస్లోలో రికార్డై మరుసటి ఏడు విడుదలైన ‘దాన్సా దస్ కబేసస్’ నా దృష్టిలో ఆయన పనిలో మొదటి శిఖరం. ఇది గిటార్, పియానో కళాకారుడు ఎగ్బెర్తో గిస్మోంతితో జంటగా, జర్మనీకి చెందిన ఈసీఎం అనే రికార్డు సంస్థకు చేసినది. దీని వెనుక ఒక విచిత్రమైన కారణం ఉంది. అప్పట్లో బ్రెజిల్‌ను పాలిస్తున్న సైనిక ప్రభుత్వం, విదేశాలకు వెళ్ళదలచినవారు భారీ మొత్తం డిపాజిట్ కట్టాలని నిబంధన పెట్టింది. బృందాన్నంతా తీసుకువెళ్ళే స్తోమత లేక గిస్మోంతి ఒంటరిగా బయలుదేరి, అప్పటికే యూరప్‌లో ఉన్న ననాను కలుపుకున్నారు. ఏం చేయబోతున్నామని ననా అడిగితే, దట్టమైన తడి అడవిలో ఒకరికొకరు కాస్త దూరంగా నడుస్తూ వెళ్ళే ఇద్దరు పిల్లల కథ అని ఆయన చెప్పారట. ఈ రికార్డులో రెండే భాగాలు ఉన్నాయి. ఒక్కొక్కటి దాదాపు 25 నిమిషాలు. గిటార్ పరుగెత్తినప్పుడు లయ వెంటబడుతుందని మనం అనుకుంటాం, కానీ ఇక్కడ చాలా చోట్ల ననా ఆగిపోతారు. ఒక పక్షి కూత వంటి ఈల, ఒక గింజల చప్పుడు, మళ్ళీ మౌనం. ఇద్దరు పిల్లల మధ్య దూరం అంటే ఏమిటో ఆ మౌనాల్లో తెలుస్తుంది.

1979లో రికార్డు చేసిన ‘సౌదాదెస్’లో ఆ బెరింబావ్ ఒక్కటే స్టుట్‌గార్ట్ రేడియో సింఫనీ ఆర్కెస్ట్రా తంత్రీవాద్యాల ఎదుట నిలబడుతుంది. తంత్రీవాద్యాల కూర్పు గిస్మోంతిదే. ‘ఓ బెరింబావ్’ అనే మొదటి అంశం దాదాపు 19 నిమిషాలు సాగుతుంది. ఇలాంటి ప్రయోగాల్లో సాధారణంగా జరిగే ప్రమాదం మనకు బాగా తెలిసినదే: జానపద వాద్యాన్ని మధ్యలో కూర్చోబెట్టి, చుట్టూ వయొలిన్లతో శాలువా కప్పి సన్మానం చేస్తారు. ఇక్కడ అది జరగలేదు. వయొలిన్లు వచ్చి, తమ పని చేసి వెళ్ళిపోతాయి. మధ్యలో చాలాసేపు తీగా, పుల్లా, బుర్రా మాత్రమే మిగులుతాయి. వాద్యం ఒక్క మెట్టు కూడా పైకి ఎక్కి ఆర్కెస్ట్రాను అందుకోవాలని చూడదు, తన రెండు స్వరాలలోనే ఉండిపోతుంది. తరువాతి అంశంలో ఆయన తన గొంతునే పొరలు పొరలుగా పేర్చి ఒక ఊరి జనాన్ని సృష్టిస్తారు. ఆల్బమ్ చివరికి వచ్చేసరికి ఆ తీవ్రత కాస్త సడలుతుందని మాత్రం చెప్పక తప్పదు.

భారతీయ శ్రోతలకు ప్రత్యేకంగా పట్టవలసినది కోడోనా. కాలిన్, డాన్, ననా అనే మూడు పేర్ల తొలి అక్షరాలు కలిపితే ఆ పేరు వచ్చింది. కాలిన్ వాల్కాట్ అమెరికావాడు. పండిత్ రవిశంకర్ వద్ద సితార్, ఉస్తాద్ అల్లారఖా వద్ద తబలా నేర్చుకున్నవాడు. డాన్ చెర్రీ శాక్సోఫోన్ కళాకారుడు ఆర్నెట్ కోల్‌మన్ బృందంతో జాజ్ దిశ మార్చిన ట్రంపెట్ కళాకారుడు. అప్పటికి పశ్చిమ ఆఫ్రికా తంత్రీవాద్యమైన దోసన్ గోని కూడా వాయిస్తున్నారు. 1979, 1981, 1983లలో ఈ ముగ్గురి మూడు ఆల్బమ్‌లు వచ్చాయి. సితార్, ట్రంపెట్, బెరింబావ్ అని కాగితం మీద రాస్తే ఏదో పర్యాటక శాఖ వారి ఉత్సవంలా కనిపిస్తుంది. వింటే అలా ఉండదు. వాల్కాట్ సితార్‌తో రాగాలాపన చేసి మెప్పించాలని ప్రయత్నించరు; ఆ వాద్యంలో మీటకుండానే తోడుగా మోగే తరఫ్ తీగల గుంజారవాన్ని మాత్రం తీసుకుంటారు. ఆ గుంజారవమూ, బెరింబావ్ ఝుంకారమూ ఒకే గదిలో ఉన్నప్పుడు ఏది ఏ ఖండం నుంచి వచ్చిందో చెవికి వెంటనే తెలియదు. మొదటి ఆల్బమ్‌లోనే వీళ్ళు కోల్‌మన్ బాణీలను అమెరికా గాయకుడు స్టీవీ వండర్ పాట ‘సర్ డ్యూక్’తో కలిపి సరదాగా వాయించారన్నది కూడా గుర్తుంచుకోవాలి, వీళ్ళ గాంభీర్యంలో నవ్వు కూడా ఉంది. అయితే సితార్‌లో శాస్త్రీయ నిష్ఠను వెతికే శ్రోతకు ఇది నిరాశ కలిగించవచ్చు. ఆ అభ్యంతరాన్ని నేను గౌరవిస్తాను. కానీ ఇక్కడ సితార్ హిందుస్తానీ సంగీతానికి ప్రతినిధిగా రాలేదు, వాల్కాట్ అనే ఒక మనిషి గొంతుగా వచ్చింది. 1984 నవంబరులో తూర్పు జర్మనీలో జరిగిన రోడ్డు ప్రమాదంలో వాల్కాట్ మరణించడంతో ఆ ముగ్గురి సంభాషణ అక్కడితో ముగిసింది.

1980లు ఆయనకు పేరు తెచ్చిన కాలం. అమెరికా గిటార్ కళాకారుడు పాట్ మెథినీతో ‘ఆఫ్‌రాంప్’, నార్వే శాక్సోఫోన్ కళాకారుడు యాన్ గార్బరెక్‌తో ‘ఈవెంటీర్’, టాకింగ్ హెడ్స్ రాక్ బృందంతో ఒక ఆల్బమ్, 1990లో అమెరికా గాయకుడు పాల్ సైమన్ ‘ద రిథమ్ ఆఫ్ ద సెయింట్స్’ అన్నీ ఆ వరుసలోనివే. డౌన్‌బీట్ అనే జాజ్ పత్రిక విమర్శకుల పోల్‌లో పర్కషన్ విభాగంలో ఆయన పదే పదే మొదటి స్థానంలో నిలిచారు. ఈ రికార్డులన్నిటి మీదా నాకు సమానమైన ఇష్టం లేదు. మెథినీతో చేసిన వాటిలో ఆయన గొంతు ఒక మబ్బులా పాట మీద తేలుతుంది. అందంగానే ఉంటుంది, కానీ ఆయనను తీసేసినా ఆ పాట నిలబడుతుంది. కూరలో చివరన చల్లిన కొత్తిమీర లాంటి స్థానం అది. గార్బరెక్‌తో చేసిన పని దీనికి భిన్నం. ఆ చలిదేశపు జానపద బాణీల కింద ఆయన పరిచే గింజల చప్పుడు లేకపోతే శాక్సోఫోన్‌కు నడవడానికి నేల ఉండదు. ఇద్దరు ముగ్గురు సమానులుగా కూర్చున్నచోటే ననా సంపూర్ణంగా వినిపిస్తారు. పెద్ద బృందం ఆయనను రంగు కోసం పిలిచినచోట రంగు మాత్రమే ఇచ్చి వస్తారు.

తిరుగు ప్రయాణం గురించి కొంచెం నిదానంగా చెప్పాలి. 1990లలో ఆయన మళ్ళీ బ్రెజిల్ వైపు మళ్ళారు. బయీయా రాజధాని సాల్వదోర్‌లో జరిగిన పెర్క్‌పాన్ అనే ప్రపంచ తాళవాద్యాల ఉత్సవానికి గాయకుడు జిల్బెర్తో జిల్‌తో కలిసి కళాదర్శకత్వం వహించారు. చివరికి పుట్టిన ఊరు రెసీఫిలో ఆయన చేపట్టిన పని, నా అంచనాలో, ఏ ఆల్బమ్‌కూ తీసిపోదు. రెసీఫి కార్నివాల్‌కు ప్రాణం మరకతూ. బానిసత్వపు కాలంలో ఆఫ్రికన్లు తమలో ఒకరిని కాంగో రాజుగా పట్టాభిషేకం చేసుకునే వేడుకల నుంచి పుట్టిన ఊరేగింపు అది. రాజు, రాణి, వారి ముందు కలూంగా అనే బొమ్మను పట్టుకుని నడిచే స్త్రీ, వెనుక అల్ఫాయా అనే పెద్ద డోళ్ళు, గొంగే అనే ఇనుప గంట. అల్ఫాయాకు మేక తోలు మూసి, తాళ్ళతో బిగిస్తారు. రెండు లావాటి పుల్లలతో కొడతారు. ఒక్కొక్క బృందాన్ని ‘నేషన్’ అంటారు. 1863లో మొదలైన లెయావ్ కొరోయాదో వంటి పాత నేషన్‌లు ఇప్పటికీ ఉన్నాయి. ప్రతి నేషన్‌కూ తనదైన దరువు ఉంటుంది, పోటీల్లో ఒకరికొకరు ప్రత్యర్థులు, ఒకరి దరువును మరొకరు కొట్టడానికి సుముఖంగా ఉండరు. అలాంటి బృందాలను, వందలాది వాద్యకారులను, కార్నివాల్ శుక్రవారం రాత్రి మార్కో జీరో కూడలిలో ఒకే వేదిక ముందు నిలబెట్టి, ఒకే దరువు మీద కార్నివాల్‌ను ప్రారంభింపజేయడం ఆయన దాదాపు 15 ఏళ్ళ పాటు చేశారు. దీనికి ముందు వారాల తరబడి ఒక్కొక్క నేషన్ ఉండే పేటకు స్వయంగా వెళ్ళి సాధన చేయించేవారు. మన దగ్గర రెండు ఊళ్ళ డప్పు బృందాలను ఒక జాతరలో ఒకే వరుస మీదకు తేవడానికి ప్రయత్నించినవారికి ఇది ఎంత పనో వేరే చెప్పనక్కర్లేదు.

2015లో ఆయనకు ఊపిరితిత్తుల క్యాన్సర్ బయటపడింది. అయినా 2016 ఫిబ్రవరిలో కూడా ఆ వేదిక ఎక్కి కార్నివాల్‌ను ప్రారంభించారు. మార్చి 9న రెసీఫిలోనే కన్నుమూశారు.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగేవారికి నా సలహా ఇది. ముందు ‘సౌదాదెస్’ మొదటి అంశం వినండి, తరువాత కోడోనా మొదటి ఆల్బమ్, ఆపైన ఒక గంట తీరిక దొరికిన రాత్రి ‘దాన్సా దస్ కబేసస్’. మెథినీ రికార్డులు వాటంతట అవే మీ దగ్గరికి వస్తాయి, వెతకనవసరం లేదు. ఒక్క విన్నపం: దయచేసి ఫోన్ స్పీకర్‌లో వినవద్దు. సొరబుర్ర పొట్ట నుంచి దూరం జరిగినప్పుడు లోపల మోగే ఆ కింది నాదాన్ని అంత చిన్న స్పీకర్ పలికించలేదు, మీకు పుల్ల తగిలిన చప్పుడు ఒక్కటే మిగులుతుంది.